ముక్కు దిగిన కారు

'ఇంకోసారి' మేస్త్రి అని పేరుపడ్డ ఆయన కారు ముక్కు ఎంత ఎత్తులో ఉండేదంటే, వాన మొదటి చుక్క దాని బానెట్ మీద పడి, ఆ తర్వాతే వీధిలోకి దిగేదని చెప్పుకునేవాళ్ళు. ముప్పై ఐదేళ్ళ పాత కారు. ఒకప్పుడు మీగడ రంగు, ఇప్పుడు మాడిన మీగడ రంగు. వెనక భాగం చతికిలపడి, ముందు భాగం పైకి లేచి, పిలవని పేరంటానికి వచ్చిన పెద్దమనిషిలా ఎవరినీ చూడనట్టు ఆకాశంకేసి చూస్తూ నిలబడేది.

"ఏం మేస్త్రీ, ముందంత లేచిందేం?" అని ఎవరైనా అడిగితే మేస్త్రి తడుముకునేవాడు కాదు. కొండలెక్కడానికి కంపెనీ వాడే అలా చేశాడు అనేవాడు ఒక ఏడు. కిందనుంచి గాలి తగిలి ఇంజన్ చల్లగా ఉండటానికి అనేవాడు మరుసటి ఏడు. మూడో ఏటికి అలాంటి కార్లు ప్రపంచం మొత్తంలో పదకొండే ఉన్నాయి, మిగతా పదీ మ్యూజియముల్లో పెట్టేశారు.

ఆయన చెయ్యి వేరు, నోరు వేరు. చేతికున్న నిదానంలో అణాకాణీ వంతు కూడా నోటికి లేదు. చక్రం బిగించాడంటే నాలుగు నట్లూ వరసగా బిగించి, పానా కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, "ఇంకోసారి" అనుకుంటూ మళ్ళీ మొదటి నట్టు దగ్గరికి వచ్చేవాడు. పేరు అలా పడింది. పంచరు వేయించుకోడానికి వచ్చినవాడికి బండి చేతికొచ్చేసరికి గడ్డం నెరిసిందని వీధిలో ఒక మాట ఉంది. అయితే ఆయన షెడ్డులోంచి వెళ్ళిన బండికి దారిలో చక్రం ఊడిందన్న మాట మాత్రం గిట్టనివాళ్ళు కూడా అనలేదు. చేతిలో పానా ఉన్నంతసేపూ మనిషి ఋషి. పానా కింద పెట్టాక మాత్రం ఆయన మాటకి బ్రేకు లేదు, గేరు ఒకటే, దారి ఆయన ఇష్టం.

ఇంట్లో ముందుగది ఆయన భార్యది, వెనక షెడ్డు ఆయనది, మధ్యలో ఒక తలుపు. ఆవిణ్ణి అందరూ టైలరమ్మ అంటారు. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. టేపు ఆవిడదే కాబట్టి వాదించినవాళ్ళు లేరు.

టైలరమ్మకి ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళ యూనిఫారాల ఆర్డరు వచ్చింది. షరతు ఒకటే: ప్రతి వారం ఊరి అవతలి చివరకి తనే బండిలో వెళ్ళి కొలతలు తీసుకోవాలి, కుట్టినవి అందించాలి. మొగుణ్ణి తీసుకెళ్ళమనొచ్చు కదా అంటే, ఆయన బయల్దేరే ముందు టైర్లు చూసుకునేసరికి నర్సులు రిటైరవుతారు. అందుకని తనే డ్రైవింగు నేర్చుకుంది. ఒకటో తారీకుకల్లా లైసెన్సు చూపించకపోతే ఆర్డరు పక్క వీధి టైలరుకి వెళ్తుంది. ఇప్పటికి రెండుసార్లు టెస్టు తప్పింది. మూడోది సోమవారం. ఆ తర్వాత ఒకటో తారీకులోపు టెస్టు లేదు.

రెండోది తప్పి వచ్చిన శనివారం నాడు ఆవిడ కారు దిగుతూనే సీటు మీది దిండు తీసి మొగుడి ఒళ్ళోకి విసిరింది.

"దిండు వేసుకుంటే కాలు అందదు, దిండు తీస్తే కన్ను అందదు. నాకు కనిపించేది బానెట్టు, దానిపైన ఆకాశం. గీత ఎక్కడుందో, దారికి అటూ ఇటూ పెట్టిన డబ్బాలు ఎక్కడున్నాయో ఆ దేవుడికే తెలియాలి."

"డబ్బా గుద్దావా?" అన్నాడు మేస్త్రి.

"మూడు. ఆఫీసరు దిగి, అమ్మా మీరు కారు నడుపుతున్నారా, విమానం లేపుతున్నారా అన్నాడు."

ఆవిడ తమ్ముడు గుమ్మంలో నిలబడి నవ్వాడు. ఆవిడకి రెండు నెలలుగా డ్రైవింగు నేర్పింది అతనే. లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం. అక్కడ పనిచేసి పనిచేసి మనిషిని చూసినా లోడు ఎంత, ఖాళీ బండి ఎంత అని చూస్తాడు.

"నీకు డ్రైవింగు సెన్సు లేదక్కా. మెడ సాచాలి."

"సాచానురా. ఇంకా సాచితే జూ వాళ్ళొచ్చి పట్టుకెళ్తారు."

ఆవిడ మెడలోని టేపు తీసింది. వెనక చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచుదాకా కొలిచింది: పదిహేనున్నర. ముందుకొచ్చి కొలిచింది: పందొమ్మిది. లేచి నిలబడి మొగుడికేసి చూసింది.

"మూడున్నర అంగుళాలు తేడా. పరికిణీ ఇలా కుడితే తెచ్చి నా మొహాన కొడతారు. ఇది కంపెనీవాడే కుట్టాడంటారా?"

"డిజైన్ అంతే," అన్నాడు మేస్త్రి, పానా కోసం వెతుక్కుంటూ.

"అయితే డిజైను దింపండి. రేపు సాయంత్రంకల్లా."

ఆవిడ లోపలికి వెళ్ళింది. మేస్త్రి దిండు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కంపెనీవాడు పాపం ఏమీ చెయ్యలేదు. చేసింది తనే. పన్నెండేళ్ళ కిందట స్పీడు బ్రేకరు మీద కారు కడుపు గీరుకుందని, తుక్కు షాపులో ఒక సామాన్ల వ్యాను ముందు స్ప్రింగులు కనిపిస్తే తెచ్చి బిగించాడు. అవి టన్నుల బరువు మోయడానికి పుట్టినవి. ఈ కారు వాటికి బరువే కాదు, మీద వాలిన ఈగ. ఆవగింజంత కూడా లొంగలేదు. ముక్కు లేచి కూర్చుంది. తప్పయిందని ఒప్పుకుని ఆ రోజే విప్పేస్తే సరిపోయేది. కానీ అప్పటికే నలుగురికీ కొండలెక్కే డిజైనని చెప్పేశాడు.

ఇక అసలు స్ప్రింగులు ఎక్కడున్నాయంటే, పారెయ్యడానికి మనసొప్పక రెండింటినీ నిలబెట్టి, పైన చెక్క కొట్టి, పచ్చరంగు పూసి, భార్యకి స్టూలు చేసిచ్చాడు. ఇంపోర్టెడ్ స్టూలని చెప్పాడు. పన్నెండేళ్ళుగా జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని ఊగుతూనే ఉన్నారు. ఊగడం కోసమే జాకెట్టు కుట్టించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

"బావా, దీనికి ఇంత ఆలోచనేంటి?" అన్నాడు బావమరిది. "గ్యాసు మంట పెట్టి స్ప్రింగుని ఎర్రగా కాల్చు. పది నిమిషాల్లో దానంతటదే కూర్చుంటుంది. మా కాటా దగ్గర ఒకడు అలాగే చేశాడు."

"వేడి చేస్తే స్ప్రింగు బుద్ధి పోతుంది. ఇవాళ కూర్చుంటుంది, రేపు ఇంకాస్త కూర్చుంటుంది, ఎల్లుండి ఒక పక్కే కూర్చుంటుంది. ఆ తర్వాత మలుపులో విరుగుతుంది."

"పోనీ కోసెయ్."

"అడ్డదిడ్డంగా కోస్తే చివర గూట్లో కుదురుగా నిలవదు. అసలు బయటికి తియ్యడమే యముడితో పని. మా గురువుగారి షెడ్డులో ఒకడు గొలుసు కట్టకుండా జాకీ దింపాడు. స్ప్రింగు లేచింది. రేకుల కప్పు చీల్చుకుని పోయింది."

"ఎక్కడ పడింది?"

"ఇంకా పడలేదు. ముప్పై ఏళ్ళయింది, చూస్తూనే ఉన్నాం."

ఆ కథలో అబద్ధం ఆకాశం వరకే. గురువుగారి ముంజేయి రెండు చోట్ల విరగడం నిజం. అందుకే మేస్త్రి నోరు ఎంత ఎగిరినా స్ప్రింగు దగ్గర చెయ్యి మాత్రం నేల విడిచేది కాదు.

ఆదివారం పొద్దున్న టైలరమ్మ కూరగాయలకి వెళ్ళగానే మేస్త్రి ముందుగదిలోంచి స్టూలు ఎత్తుకొచ్చాడు. చెక్క ఊడదీశాడు. స్టూలున్న చోట ప్లాస్టిక్ కుర్చీ పెట్టి, దాని మీద నాలుగు జాకెట్లు మడతపెట్టి పెట్టాడు, ఎప్పటినుంచో ఉన్నట్టు కనిపించాలని. తర్వాత స్ప్రింగుల రంగు గీకి, కిరసనాయిలు పూసి, తుడిచి, వాటి మీద సుద్దపొడి చల్లాలనుకున్నాడు. ఇనుములో కంటికి కనపడని పగులుంటే లోపల దాక్కున్న నూనె బయటికొచ్చి సుద్ద మీద తడిగీత వేస్తుంది. పన్నెండేళ్ళు అంతమందిని మోసిన స్ప్రింగుని చూడకుండా కారుకి బిగించేంత మూర్ఖుడు కాడు. కానీ సుద్ద అయిపోయింది. అప్పటికి టైలరమ్మ సంచీతో తిరిగొచ్చింది.

"సుద్దముక్క ఒకటి ఇస్తావా?"

"దేనికి?"

"పగుళ్ళు చూడ్డానికి."

"దేనిలో?"

"ఇనుములో."

ఆవిడ ఒక క్షణం చూసి, గుడ్డ మీద గీతలు గీసే సుద్ద ఇచ్చింది. పని తొందరలో ఇంకేమీ అడగలేదు. అరగంట ఆగి చూస్తే ఎక్కడా తడిగీత లేదు. మేస్త్రి తుడిచేసి, ఇంకోసారి పూశాడు.

మధ్యాహ్నం పని మొదలైంది. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కదిమ్మలు తన్నిపెట్టాడు. ముందు భాగం లేపి, చట్రం కింద రెండు ఇనుప స్టాండులు పెట్టాడు. ఇటుకలు పెడదామన్న బావమరిదిని చూపుతోనే ఇంటికి పంపినంత పనిచేశాడు. చక్రం విప్పాడు. షాకబ్జార్బరు విప్పాడు. స్ప్రింగులోంచి గొలుసు దూర్చి, చట్రానికి చుట్టి కట్టాడు, ఒకవేళ ఎగిరినా గొలుసు పొడవు దాటకుండా. స్ప్రింగుని నొక్కిపట్టే మర కొక్కేలు వేద్దామంటే, ఆ వ్యాను స్ప్రింగు చుట్లు ఎంత లావంటే మధ్యలో దూరవు. ఇక మిగిలింది జాకీ. చక్రాన్ని మోసే కింది చెయ్యి ఒకటుంటుంది, స్ప్రింగు దాని మీదే కూర్చుంటుంది. ఆ చేతి కింద జాకీ పెట్టి లేపితే స్ప్రింగు నలగాలి.

జాకీ కొట్టాడు. స్ప్రింగు నలగలేదు. కారే స్టాండు మీంచి వేలెడు లేచింది.

మేస్త్రి వెంటనే దింపేశాడు. "బరువు చాలట్లేదు."

షెడ్డులో ఉన్న పాత గేరు బాక్సు, ఇనుప దాగలి, రెండు బ్యాటరీలు అన్నీ ముందు బంపరు మీద పేర్చి తాళ్ళతో కట్టాడు. ఇంకా అర వేలు లేస్తోంది.

"నూట పన్నెండు కేజీలు," అన్నాడు బావమరిది తన పొట్ట మీద చెయ్యి వేసుకుని. "నికరం. చెప్పుల్లేకుండా."

మేస్త్రి చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి బానెట్టు ఊడదీసి, రెండు మడ్‌గార్డుల మీదా అడ్డంగా మందపాటి పలక వేశాడు.

"ఎక్కేది నేను ఎక్కమన్నప్పుడు. దిగేది నేను దిగమన్నప్పుడు. మధ్యలో ఇల్లు కాలిపోయినా దిగకూడదు. నువ్వు దిగితే కారు లేస్తుంది, కారు లేస్తే స్టాండు పడుతుంది, స్టాండు పడితే నేను కిందుంటాను."

"నేనూ ఎక్కుతాను, నలభై ఆరు," అంది చప్పుడుకి ముందుగదిలోంచి వచ్చిన టైలరమ్మ.

"అక్కా, నువ్వెక్కితే కాటా ముల్లు కూడా కదలదు."

"నోర్ముయ్, జరుగు."

అక్కా తమ్ముడూ పలక మీద పక్కపక్కనే కూర్చున్నారు, ఊరేగింపులో జీపెక్కిన అభ్యర్థుల్లా. మేస్త్రి జాకీ కొట్టాడు. స్టాండు కదల్లేదు. స్ప్రింగు మొదటిసారి మూలిగి, లొంగింది. రెండు సుత్తులతో కింది కీలుని అటూ ఇటూ ఒకేసారి కొట్టాడు. కీలు విడిపోయింది. ఇప్పుడా స్ప్రింగుని ఆపుతున్నవి రెండే: కింద జాకీ, పైన బంధువులు. మేస్త్రి స్ప్రింగుకి ఎదురుగా కాకుండా పక్కకి జరిగి కూర్చుని, జాకీని దింపే స్క్రూని వెంట్రుకవాసి తిప్పడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి తలుపు తోసుకుని ఒక పెద్దావిడ షెడ్డులోకి వచ్చింది. పాత కస్టమరు. పెద్దగా కబుర్లాడే మనిషి.

"ఏమ్మా టైలరమ్మా, మీ ఊగే స్టూలు ఏమైంది? ప్లాస్టిక్ కుర్చీ వేశారేంటి? నా నడుముకి అది తప్ప పడదని తెలుసుగా." అంటూనే గోడవార చూసింది. "అదిగో, స్టూలు కాళ్ళు ఇక్కడున్నాయే. రంగు గీకేశారు గానీ అవే."

షెడ్డులో జాకీ చప్పుడు ఆగింది.

టైలరమ్మ పలక మీంచి మెడ సాచింది. ఈసారి బాగానే సాగింది. గోడవార రెండు స్ప్రింగులు. ఒకదాని లోపలి చుట్టులో గీకుడుకి అందని పచ్చరంగు.

"ఏవండీ. అవి నా స్టూలు కాళ్ళు కదూ?"

మేస్త్రి నోటికి అలవాటే కాబట్టి దానంతటదే తెరుచుకుంది. "అవి కంపెనీ..." అన్నాడు. ఆ మాటతోపాటే జాకీ పిడి చేతిలో నూలుపోగంత జారింది. పైన నూట యాభై ఎనిమిది కేజీల బంధుత్వం, కింద వ్యాను స్ప్రింగు, మధ్యలో తన ముంజేయి. మేస్త్రి నోరు మూసుకున్నాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఆయనకి అబద్ధం బరువుగా అనిపించింది.

"ఈ కారువే," అన్నాడు. "అసలువి. నేనే తీసేశాను."

"మరి ఇందులో ఉన్నవి?"

"సామాన్ల వ్యానువి."

బావమరిది మొహం కందగడ్డయింది. "బావా. రెండు నెలలు నేర్పించాను. అక్కకి డ్రైవింగు సెన్సు లేదని కాటా దగ్గర అందరికీ చెప్పాను. నువ్వు పక్కనుండి విన్నావు. తలూపావు కూడా." అని ఒక కాలు కిందికి దించబోయాడు.

"కదలకు," అన్నాడు మేస్త్రి. అరవలేదు. అరిస్తే కూడా కదుల్తుందేమోనని భయం.

టైలరమ్మ తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుంది. ఇరవై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి. "కూర్చోరా. ముందు స్ప్రింగు దిగనీ. తర్వాత మనిద్దరం దిగుదాం."

తమ్ముడు కూర్చున్నాడు. వచ్చిన పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చుకుని గుమ్మంలో వేసుకుంది. ఊగకపోయినా ఇప్పుడామెకి పట్టింపు లేదు.

"ఎన్నేళ్ళయింది?" అంది టైలరమ్మ.

"పన్నెండు." జాకీ అర అంగుళం దిగింది.

"ముందు ఎందుకు లేచిందో మొదటిరోజే తెలుసా?"

"తెలుసు." ఇంకో అర అంగుళం.

"నేను మొదటిసారి తప్పినప్పుడు గుర్తొచ్చిందా?"

"వచ్చింది."

"మరి?"

"చెబుదామనుకున్నాను. అప్పటికే మ్యూజియం దాకా వెళ్ళిపోయాను. వెనక్కి రావడానికి దారి దొరకలేదు."

"దిండు ఎత్తు పెంచమని సలహా ఇచ్చింది ఎవరు?"

"నేనే."

పెద్దావిడ నాలుక చప్పరించింది. జాకీ దిగుతూనే ఉంది. గొలుసు సడలింది. స్ప్రింగు చివరికి ఉస్సురుమని, నిద్రలో మంచం దిగిన పిల్లాడిలా నేల మీదికి ఒరిగింది.

"అయిపోయింది. దిగండి," అన్నాడు మేస్త్రి.

పైనుంచి ఎవరూ దిగలేదు. దిగలేక కాదు, ఆయన మొహం చూడ్డానికి అక్కడే బాగుంది. కొంతసేపటికి టైలరమ్మే దిగింది. వ్యాను స్ప్రింగు పక్కన స్టూలు కాలు నిలబెట్టి, మెడలో టేపు తీసి రెండూ కొలిచింది. మేస్త్రికి తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

"రెండో పక్క ఎప్పుడు?" అంది.

"ఇది బిగించగానే."

"అయితే మళ్ళీ ఎక్కుతాం. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి."

రెండో పక్క పనయ్యేసరికి, ప్రపంచంలో ఉన్న ఆ పదకొండు కార్లతోపాటు, పెళ్ళికి ముందు ఈత పోటీల్లో గెలిచానని ఆయన చెప్పుకున్న కప్పు, కప్పు దొంగిలించిన దొంగ, దొంగని పట్టుకున్న వైనం అన్నీ ఒక్కొక్క అర అంగుళం చొప్పున కిందికి దిగాయి. ఆ కప్పు తుక్కు షాపులో కొన్నదని తేలినప్పుడు బావమరిది నవ్వు ఆపుకోలేక ఊగిపోతే, కదలొద్దని ఈసారి అక్కా బావా ఒకేసారి అన్నారు.

బరువులు తీసి, బానెట్టూ చక్రాలూ బిగించి, కారుని నేల మీదికి దించాక కూడా మేస్త్రి లేవలేదు. కింది చేతుల కీళ్ళ బోల్టులు కారు తన బరువు మీద నిలబడ్డాకే బిగించాలి, గాల్లో ఉండగా బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి చస్తుంది. బిగించాడు. స్టీరింగు అటూ ఇటూ తిప్పించి బ్రేకు పైపు ఎక్కడా రాసుకోవడం లేదని చూశాడు. టైలరమ్మ ముందు చక్రం దగ్గర టేపు పెట్టింది: పదహారు. పన్నెండేళ్ళ జాకెట్ల బేరం తర్వాత కూడా స్ప్రింగు పరువు కాపాడుకుంది. ఆవిడ దిండు లేకుండా సీట్లో కూర్చుని ముందుకి చూసింది. షెడ్డు గుమ్మం కనిపించింది, గుమ్మంలో పెద్దావిడ కాళ్ళు కనిపించాయి, కాళ్ళ దగ్గర పడున్న సుద్దముక్క కూడా కనిపించింది.

సోమవారం ఆఫీసరు కారు చుట్టూ తిరిగి చూశాడు. "బండి మార్చారా?"

"బండి అదే సార్. మా ఇంటాయన్నే కొంచెం కిందికి దింపాం," అంది టైలరమ్మ.

డబ్బాల మధ్య ముందుకి పోనిచ్చింది, వెనక్కి తీసుకొచ్చింది, గీత మీద ముందు చక్రం పెట్టి ఆపింది. కంచె బయట మేస్త్రీ, బావమరిదీ చూస్తున్నారు. డబ్బా ఒక్కటి కూడా పడలేదు. ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇంటికి తిరిగొచ్చేదారిలో తొమ్మిది స్పీడు బ్రేకర్లున్నాయి. కారు ఇప్పుడు మనిషిలా కిందికి వచ్చింది, వెనక సీట్లో నూట పన్నెండు కేజీలున్నాయి. మొదటి బ్రేకరు దగ్గర టైలరమ్మ కారాపింది. "దిగండి ఇద్దరూ. కడుపు గీరుకుంటే మళ్ళీ వ్యాను స్ప్రింగులు గుర్తొస్తాయి మీకు."

దిగారు. కారు మెత్తగా దాటింది. ఎక్కారు. రెండో దగ్గర మళ్ళీ దిగారు. ఐదో దాని దగ్గరికి వచ్చేసరికి బావమరిది ఆయాసపడుతున్నాడు. ఆరో బ్రేకరు దాటాక కారు ఆగలేదు. కిటికీలోంచి చెయ్యొకటి బయటికొచ్చి, ఆసుపత్రి వైపు చూపించి, మలుపులో మాయమైంది.

ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు.

"లైసెన్సు చూపించడానికి వెళ్ళింది," అన్నాడు మేస్త్రి.

"మనం?"

"నడుద్దాం."

రెండు వీధులు నడిచాక టీ కొట్టాయన పలకరించాడు. "ఏం మేస్త్రీ, కాలినడకన వస్తున్నారు, ఆ కొండలెక్కే కారేదీ?"

మేస్త్రి ఆగాడు. నిన్నటి పలకా జాకీ గుర్తొచ్చాయి. బావమరిది ఓరకంట చూస్తున్నాడు.

"కొండలూ లేవు, ఏమీ లేవు. అది నేను బిగించిన తప్పుడు స్ప్రింగు. తీసేశాను," అన్నాడు. టీ గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగాడు. "మా ఆవిడ టెస్టు పాసైంది. కారు తనే తీసుకెళ్ళింది. పాసవడమంటే మామూలుగా కాదు. ఆఫీసరు లేచి నిలబడి, అమ్మా, మా వాళ్ళకి రెండు పాఠాలు చెప్పి వెళ్ళండి అన్నాడు."

టీ కొట్టాయన బావమరిదికేసి చూశాడు, నిజమేనా అన్నట్టు.

బావమరిది గ్లాసు కోసం చెయ్యి చాచాడు. "రెండు కాదు," అన్నాడు. "మూడు."